గరగరమనే ఫిల్టర్: చేపల తొట్టె డైరీ

శనివారం రాత్రి

పని మొదలుపెట్టే ముందు తొట్టె వివరాలు రాసి పెడుతున్నాను. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు అడుగుంపావు, ఎత్తు అడుగున్నర. లెక్క కడితే 130 లీటర్ల పైచిలుకు వస్తుంది గానీ అడుగున ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను నీళ్లు 110 లీటర్ల దాకా ఉంటాయి. రెండు గోల్డ్‌ఫిష్‌లు, కొన్ని నల్ల మోలీలు. ఫిల్టర్ వెనక అద్దానికి తగిలించే రకం. దాని మీద అచ్చేసినవి: 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 8 వాట్లు, గంటకి 600 లీటర్లు. తొట్టె, ప్లైవుడ్ స్టాండు, అడుగున ఇసుక అన్నీ మా తమ్ముడివి. హైదరాబాదు ఉద్యోగానికి వెళ్తూ, శ్రీకాకుళం బలగలోని మా ఇంటి హాల్లో పెట్టి వెళ్లాడు.

వచ్చిన కొత్తలో బాగానే నడిచింది. ఎండలు ముదిరేసరికి గోల మొదలైంది. అత్తయ్య మంచం హాల్లోనే. మోకాళ్ల నొప్పులతో ఆవిడకి నిద్ర పట్టడమే గగనం, పట్టిన కాసేపూ ఈ మోటారు లేపేస్తోంది.

"ఏటమ్మా అది, రాత్రల్లా గరగరమంటంది? పడుకునేటప్పుడు ఆపేసి పొద్దున్న ఎయ్యకూడదేటి?"

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ ఆపడానికి లేదు. ఫిల్టర్ స్పాంజిలో, సిరామిక్ రింగుల మీద బతికే బాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని మళ్లీ నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. నీళ్లు పారితేనే అది అందుతుంది. రాత్రల్లా పెట్టెలో నీళ్లు నిలిచిపోతే బాక్టీరియా చావడం మొదలవుతుంది, పొద్దున్న స్విచ్చి వెయ్యగానే ఆ మురుగంతా తొట్టెలోకి వస్తుంది. పైగా ఇది ఎండాకాలం. నీరు 20 డిగ్రీల దగ్గర ఉంటే లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి వచ్చేసరికి ఏడున్నరకి పడిపోతుంది. ఫిల్టర్ నుంచి దూకే నీటి వల్లే పైనీరు కదిలి గాలి కలుస్తోంది. అత్తయ్య నిద్రపోవాలి, చేపలూ ఊపిరి పీల్చుకోవాలి. మోటారు తిరుగుతూనే నోరు మూసుకోవాలి. ఈ డైరీ అందుకే.

ఆదివారం ఉదయం

ఈరోజు ఏదీ విప్పలేదు. చెవులతో మాత్రమే పని. గోల అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, తొట్టె దగ్గర కూర్చుని వింటే అందులో ఐదు రకాలు కలిసి ఉన్నాయి. ఏ చప్పుడు ఎక్కడిదో తేలకుండా స్క్రూలు తీస్తే, చివరికి దేనివల్ల బాగుపడిందో కూడా తెలియదు.

ముందు ఎయిర్ పంపు ప్లగ్గు తీశాం. తొమ్మిదో తరగతి చదివే మావాడు గోడకి చెవి పెట్టి కూర్చున్నాడు. "అమ్మా, జుయ్‌మనేది పోయింది, మిగతావి ఉన్నాయి" అన్నాడు. అంటే ఒకటి ఎయిర్ పంపుది. అది గోడకి మేకు మీద వేలాడుతోంది. కిందికి దింపి మడత పెట్టిన పాత తువాలు మీద పెట్టాలి అనుకుని ఆగాను. ఎయిర్ పంపు నీటి మట్టం కన్నా కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు తొట్టెలో నీరు ట్యూబులోంచి వెనక్కి జారి మోటారులోకి వచ్చేస్తుంది. మధ్యలో నీటిని వెనక్కి రానివ్వని వాల్వు ఉంటేనే కిందికి దింపాలి. మాకది లేదు. కాబట్టి పైనే, పుస్తకాల అలమారలో తువాలు వేసి పెట్టాం. జుయ్ పోయింది.

రెండోది గలగల. నీళ్లు దూకే చప్పుడు. ఫ్యాను గాలికీ ఎండకీ నీరు ఆవిరై మట్టం మూడు వేళ్లు దిగింది. దిగినకొద్దీ దూకే ఎత్తు పెరిగి చప్పుడు పెరుగుతుంది. నిలవ ఉంచిన నీళ్లు మగ్గులతో పోసి, ఫిల్టర్ మూతి అంచుని తాకేదాకా మట్టం పెంచాం. గలగల పోయి నీరు జారుతోంది. మట్టం మరీ పెంచేస్తే పైనీరు కదలడం తగ్గిపోతుంది. ఎండాకాలంలో కాస్త అల ఉండేలా వదిలాను. అద్దం మీద రంగు పెన్నుతో గీత గీసి, రోజూ సాయంత్రం ఆ గీత దాకా నింపే బాధ్యత మావాడికి అప్పగించాను.

మూడోది కటకట. ఫిల్టర్ మూత మీద వేలు పెట్టి నొక్కితే ఆగింది, తీస్తే మొదలైంది. పెట్టె అంచుకీ మూతకీ మధ్య సన్నటి స్పాంజి పట్టీ పెట్టాను. అయిపోయింది.

ఇక మిగిలినవి లోపలివి. గుయ్‌మనే ఒక సన్నటి హోరు, దాని మీద ఆగి ఆగి గరగర. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఫిల్టర్ పెట్టెకి బయటి నుంచి, తడి లేని చోట ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనిస్తే ఏ చప్పుడు ఏ మూలదో స్పష్టంగా తెలుస్తుంది. మోటారు మెకానిక్కులు చేసేదే ఇది. గరగర అడుగున, రోటర్ (నీటిని తోసే రెక్కలున్న తిరిగే ముక్క) ఉండే గుంతలోంచి వస్తోంది. గుయ్ మాత్రం పెట్టె నిండా, అద్దం నిండా, స్టాండు నిండా ఉంది.

ఆదివారం సాయంత్రం

గుయ్ సంగతి. ఫోనులో ధ్వనిని పౌనఃపున్యాల వారీగా గీతలు గీసి చూపించే యాప్ వేశాం. 100 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. మావాడి ప్రశ్న వెంటనే: "కరెంటు 50 కదమ్మా, 100 ఎలగొచ్చింది?"

బళ్లో పిల్లలకి చెప్పే పాఠం ఇంట్లో చెప్పే అవకాశం ఇన్నాళ్లకి దొరికింది. ఏసీ కరెంటు సెకనుకి 50 సార్లు ఆవర్తనం పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవర్తనంలో ప్రవాహం ఒకసారి ఇటు గరిష్ఠానికి, ఒకసారి అటు గరిష్ఠానికి వెళ్తుంది. మోటారు లోపలి ఇనుప రేకుల మీద అయస్కాంతపు లాగుడు రెండు సందర్భాల్లోనూ ఉంటుంది, దిక్కుతో పని లేదు. అందుకే రేకులు సెకనుకి 100 సార్లు అదురుతాయి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వినపడే హోరు కూడా ఇదే. ఈ చిన్న మోటార్లలో రోటర్ రెండు ధ్రువాల శాశ్వత అయస్కాంతం. అది కరెంటుతో అడుగు కలిపి సెకనుకి 50 చుట్లు, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది.

ఈ హోరు మోటారు పుట్టుకలోనే ఉంది, పూర్తిగా పోదు. దాన్ని పెద్దది చేస్తున్నవాటిని మాత్రం తొలగించవచ్చు. రెండు చేతులతో ఫిల్టర్‌ని అద్దం నుంచి వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుంటే హోరు సగానికి పైగా తగ్గింది. అంటే అద్దమూ, దాని కింద డొల్లగా ఉన్న ప్లైవుడ్ స్టాండూ కలిసి దాన్ని పెంచుతున్నాయి. పాత సైకిలు ట్యూబు కత్తిరించి, ఫిల్టర్ కొక్కెం అద్దం మీద కూర్చునే చోట ఒక మడత, కింద అద్దానికి ఆనే చోట ఒక మడత పెట్టాను. తొట్టె గోడకి తగలకుండా రెండు వేళ్లు ముందుకి జరగాలి గానీ నిండా నీళ్లున్న తొట్టెని జరపకూడదు, అడుగు అద్దం పగులుతుంది. తొట్టెకీ గోడకీ మధ్య ఇరుక్కున్న వైరుని మాత్రం బయటికి లాగి, ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా సర్దాను. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, ప్లగ్గులోకి చేరదు.

సోమవారం

రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదకి మారగానే గుయ్ ఒక్కసారిగా ముదిరి గీర్‌మనే చప్పుడైంది. యాప్ చూస్తే 100 దగ్గరి గీతతో పాటు పైన ఇంకా చాలా గీతలు లేచాయి. మా ఇన్వర్టర్ పాతది, దాని కరెంటు అల గుండ్రంగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్ల అంచుల్లో ఎక్కువ పౌనఃపున్యాలు దాగి ఉంటాయి, మోటారు రేకులు వాటికీ అదురుతాయి. బల్బుకి ఈ తేడా పట్టదు, మోటారుకి పడుతుంది. ఫిల్టర్ చెడిపోయిందని దాని మీద నెపం వేసే ముందు, చప్పుడు ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తోందా అని చూసుకోవాలి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకోటి గమనించాం. మోటారు మొదలైన ప్రతిసారీ గరగర ఒకేలా లేదు. ప్లగ్గు తీసి పెట్టి చూస్తే ఒకసారి మెత్తగా, ఇంకోసారి బండగా. ఇది చాలా పెద్ద ఆచూకీ. ఇలాంటి మోటారుకి ఫలానా వైపే తిరగాలన్న నియమం లేదు. స్విచ్చి వేసిన క్షణంలో అయస్కాంతం ఎలా ఆగి ఉందో, కరెంటు ఎక్కడ అందుకుందో దాన్నిబట్టి కుడికో ఎడమకో తిరుగుతుంది. అందుకే రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉంటాయి, ఎటు తిరిగినా నీరు పంపుతాయి. తిరిగే దిక్కుని బట్టి చప్పుడు మారుతోందంటే ఇరుసు దగ్గర ఒక పక్క అరిగి ఉండాలి. గాలి చిక్కుకున్న చప్పుడైతే బుడబుడమంటూ కాసేపటికి సర్దుకుంటుంది. ఇది సర్దుకోలేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఈ జిల్లాలో చేపలు పెంచే ప్రతివాళ్లూ గుర్తుంచుకోవాల్సింది ఒకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత ఎక్కువసేపు ఫిల్టర్ ఆగిపోతే, కరెంటు రాగానే అది దానంతటదే మొదలవకుండా ముందే ప్లగ్గు తీసి ఉంచాలి. పెట్టెలో నిలిచిన నీరు పారబోసి, స్పాంజిని తొట్టె నీటిలోనే పిండి, అప్పుడు వెయ్యాలి.

బుధవారం సాయంత్రం

విప్పాం. ప్లగ్గు తీసి, ప్లగ్గు నా కొంగుకి ముడేసుకుని మరీ. నీటిలో చెయ్యి పెట్టే పనికి స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గే బయట ఉండాలి.

స్పాంజి, రింగులు తొట్టె నీరు పోసిన గిన్నెలో ఉంచాను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, దాంట్లో కడిగితే నెలలుగా పెరిగిన బాక్టీరియా పోతుంది. నీరు పీల్చే గొట్టం లాగితే దాని కింద రోటర్ గుంత. ఈ రకం ఫిల్టర్లో ముఖ్యమైన విషయం ఒకటుంది. నీరు ముందు రోటర్ దగ్గరికే వస్తుంది, స్పాంజి దగ్గరికి తర్వాత వెళ్తుంది. గొట్టం ఏది పీల్చినా నేరుగా రోటర్ మీదకే.

రోటర్ రెక్కలు పట్టుకుని లాగితే అయస్కాంతం వెనక్కి లాగుతూ మెల్లగా బయటికి వచ్చింది. వచ్చింది చూసి మావాడు కేక పెట్టాడు. అయస్కాంతం చుట్టూ నల్లటి ముళ్లు లేచి, గొంగళిపురుగులా ఉంది. కుళాయి కింద పెడితే పోలేదు. వేలితో తుడిస్తే ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగిందే తప్ప ఊడలేదు. చివరికి గుడ్డతో గట్టిగా లాగి తుడిచి, ఆ నల్లటి పొడిని తెల్ల కాగితం మీద ఆరబెట్టాం. కాగితం కింద అయస్కాంతం తిప్పితే గింజలన్నీ లేచి నిలబడ్డాయి.

ఇనుప తుప్పు అనుకోవడానికి తొట్టెలో ఇనుమే లేదు. భూతద్దం పెడితే సన్నటి, మెరిసే నల్ల ఇసుక రేణువులు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇసుక ఎక్కడిదిరా?"

"కళింగపట్నం బీచ్‌ది అక్కా. బాగా కడిగే ఏశాను, ఉప్పు లేదు" అన్నాడు.

ఇక అనుమానం లేదు. భీమిలి నుంచి కోనాడ, కళింగపట్నం, భావనపాడు దాకా మన తీరపు ఇసుకలో నల్ల ఖనిజాలు ఎక్కువ. తూర్పు కనుమల్లోని ఖొండలైటు, చార్నకైటు రాళ్లు అరిగి అరిగి వంశధార, నాగావళి వెంట సముద్రానికి చేరతాయి. అక్కడ అలలు చెరిగే పని మొదలుపెడతాయి. మామూలు తెల్ల ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటి కన్నా 2.65 రెట్లు బరువు. గోమేదికపు ఎర్ర ఇసుక నాలుగు రెట్లు, నల్ల ఖనిజాల్లో ఇల్మనైటు దాదాపు 4.7, మాగ్నటైటు 5.2. వెనక్కి పోయే అల తేలిక రేణువుల్ని లాక్కుపోయి బరువైనవాటిని గట్టు మీద వదిలేస్తుంది. కళింగపట్నం దీపస్తంభం వైపు నడిచినప్పుడు ఒడ్డున కనిపించే నల్లటి చారలు ఇవే. ఇందులో మాగ్నటైటుని అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది, ఇల్మనైటుని కాస్త మెత్తగా.

గోల్డ్‌ఫిష్ తిండి వెతుక్కుంటూ నోటి నిండా ఇసుక తీసుకుని ఉమ్ముతుంది. గొట్టం మూతి ఇసుకకి రెండు వేళ్ల ఎత్తులోనే ఉంది. తెల్ల రేణువు ఒకవేళ లోపలికి వచ్చినా నీటితో పాటు పోతుంది. నల్ల రేణువు మాత్రం అయస్కాంతాన్ని పట్టుకుని ఉండిపోతుంది. రోజూ కొన్ని. అవి రోటర్‌తో పాటు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ గుంత గోడని గీకుతాయి. టార్చి వేసి చూస్తే గుంత లోపల వలయాలు వలయాలుగా గీతలు కనిపించాయి. అత్తయ్యకి రాత్రల్లా వినపడుతున్నది ఆ గీకుడే.

బుధవారం రాత్రి, పొద్దుపోయాక

ఇంకో రెండు దొరికాయి. సిరామిక్ ఇరుసు మీద తెల్లటి పెచ్చు. ఇరుసు రెండు కొసలనీ పట్టుకునే రబ్బరు బుష్షుల్లో ఒకదాని రంధ్రం గుండ్రంగా లేదు, ఒక పక్కకి సాగిపోయింది. దిక్కుని బట్టి చప్పుడు మారడానికి కారణం ఇది.

తెల్ల పెచ్చు మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగింది, సున్నమే. అప్పుడో ఆలోచన వచ్చి, తొట్టె అడుగు నుంచి చిటికెడు ఇసుక తీసి ఆరబెట్టి దాని మీదా నిమ్మరసం వేశాను. అదీ పొంగింది. సముద్రపు ఇసుకలో గవ్వల, ఆల్చిప్పల పొడి ఉంటుంది, అది నెమ్మదిగా కరిగి నీటిని కఠినం చేస్తుంది. మోలీలకి అది సుఖమే, గోల్డ్‌ఫిష్‌లూ ఓర్చుకుంటాయి. అసలే మా బోరు నీళ్లకి గిన్నెల మీద చారలు పడతాయి, దానికి ఇదీ తోడైంది. వేడెక్కే మోటారు దగ్గర సున్నం ముందుగా పేరుకుంటుంది. గీకే ఇసుకా, ఇరుసుని లావు చేసే సున్నమూ, రెండూ ఒకే సంచీలోంచి వచ్చాయన్నమాట. ఫిల్టర్ చేసిన తప్పేమీ లేదు.

గురువారం

పెద్ద గ్లాసు గోరువెచ్చటి నీటిలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి ఇరుసు, రోటర్ నానబెట్టాను. అరగంటకి పెచ్చు ఊడింది. గుంతని చెవిపుల్లతో, మూలల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమాను. సబ్బు వాడలేదు, అవశేషం మిగిలితే చేపల మొప్పలకి ప్రమాదం. మంచినీళ్లతో బాగా కడిగి, వెలుగులో ఇరుసుని తిప్పి చూశాను, పగుళ్లు లేవు. సిరామిక్ ఇరుసు గట్టిదే గానీ నేల మీద పడితే విరుగుతుంది, అందుకని పళ్లెంలో గుడ్డ పరిచి దాని మీద పెట్టుకుని పని చేశాను.

అత్తయ్య మంచం మీంచి చూస్తూ, "కొబ్బరినూని చుక్క ఎయ్యమ్మా, కుట్టుమిషను అలగే కదా ఊరుకుంటాది" అన్నారు. ఆవిడ కుట్టుమిషను నలభై ఏళ్లుగా మెత్తగా నడుస్తోంది, ఆవిడ మాట తీసిపారేసేది కాదు. కానీ ఈ ఇరుసుకి నీరే నూనె. నూనె వేస్తే నీటి మీద తెట్టు కట్టి గాలి కలవనివ్వదు, రబ్బరునీ ఉబ్బించవచ్చు. ఆ మాటే చెప్పాను. "అయితే నీళ్లే పొయ్యి" అన్నారు.

సరిగ్గా ఆ పనే చేశాను. అమర్చి, స్విచ్చి వేసే ముందు పెట్టె నిండా నీళ్లు పోశాను. ఖాళీ పెట్టెతో మొదలుపెడితే రోటర్ గాలిలో తిరిగి ఇరుసు వేడెక్కుతుంది. గరగర చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. సాగిన బుష్షు దగ్గర టకటక మిగిలింది.

శుక్రవారం

టౌన్‌లో చేపల షాపుకి వెళ్లాను. రోటర్ చూపించి, బుష్షులు విడిగా దొరుకుతాయా అని అడిగాను.

"రబ్బరు ఒక్కటీ రాదు మేడమ్. రోటర్ సెట్టు కూడా మనకాడ లేదు. కొత్త ఫిల్టర్ తీసుకెల్లిపోండి, పదునాలుగొందలకి వచ్చేస్తాది."

మోటారు బాగుంది, పెట్టె బాగుంది, వేలెడంత రబ్బరు కోసం అంతా పారెయ్యడానికి మనసొప్పలేదు. ఆ మాటంటే ఆయన ఫోన్ తీసి విశాఖపట్నంలో ఎవరినో అడిగారు. ఇరుసు, బుష్షులతో సహా రోటర్ సెట్టు ఉందిట. "మంగళవారం కార్గోకి ఏసేస్తారు, బస్సు కాంప్లెక్సులో తెచ్చుకుందాం. అంతవరకు సైకిలు వాల్ ట్యూబు ముక్క ఎక్కించండి, ఆగుద్ది" అన్నారు. పనికొచ్చే మాట. పాత బుష్షు తీసేసి, సైకిలు షాపులో కొన్న వాల్ ట్యూబు నుంచి చిన్న ముక్క కోసి ఇరుసు కొసకి తొడిగాను. గట్టిగా పట్టుకుంది. ఆ రాత్రి టకటక లేదు. ఆ రబ్బరు పలచనిది, ఎక్కువ రోజులు నిలవదు, కానీ అత్తయ్యకి నాలుగు రాత్రుల నిద్ర దొరికితే అదే పదివేలు.

ఆదివారం

అసలు పని ఈరోజు. రోటర్ ఎన్నిసార్లు తుడిచినా, అడుగున నల్ల ఇసుక ఉన్నంతకాలం మళ్లీ పేరుకుంటుంది.

అటక మీద పాత రేడియో స్పీకరు ఉంది. దాని వెనక గుండ్రటి అయస్కాంతాన్ని ఊడదీసి, మందపాటి ప్లాస్టిక్ కవరులో వేసి నోరు కట్టాం. మోటారు ప్లగ్గు తీసి, కవరుని ఇసుక మీద మెల్లగా ఈడుస్తూ పోతే నల్ల గింజలు కవరుకి అంటుకుని వస్తున్నాయి. బయట పళ్లెం మీద కవరులోంచి అయస్కాంతం తీసేస్తే గింజలు వాటంతటవే రాలిపోతాయి. కవరు లేకుండా నేరుగా పెడితే తుడవడానికి పూట పడుతుంది. మావాడు ఈ పని నాకు వదల్లేదు. పైపొర నుంచే టీ చెంచాలకొద్దీ వచ్చింది. ఇసుకని లోతుగా కెలకొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. లోపలి పొరల్లో గాలి ఆడని చోట కుళ్లిన వాయువు ఉంటుంది, ఒక్కసారి లేస్తే చేపలకి ముప్పు.

ఎంత లాగినా మొత్తం రాదు. ఇల్మనైటు మెత్తగానే పట్టుకుంటుంది. గవ్వల పొడి అసలే రాదు. కాబట్టి ఇసుకనే మార్చాలని నిర్ణయించాం, ఒకేసారి కాదు, మూడో వంతు చొప్పున, మధ్యలో వారాల ఎడంతో. ఇసుకలోనూ బాక్టీరియా ఉంటుంది, నీటి గుణమూ ఒక్కసారి మారకూడదు. పక్కింటివాళ్లు మేడ వేసుకోగా మిగిలిన నాగావళి ఇసుక రెండు తట్టలు ఇచ్చారు. జల్లెడ పట్టి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి, నిమ్మరసం చుక్క వేశాను, పొంగలేదు. అయస్కాంతం తిప్పితే ఇందులోనూ నల్ల గింజలు వచ్చాయి, చాలా తక్కువ. ఎర్రగా మెరిసే గోమేదికపు రేణువులూ కనిపించాయి. ఆ కనుమల రాళ్లే కదా ఇక్కడికీ వచ్చేది, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసేలోపు కొంత దారిలోనే ఆగుతుంది. తొట్టెలో వేసే ముందే బకెట్లో అయస్కాంతంతో తీసేశాం.

గొట్టం కింది అతుకు ముక్క తీసేసి మూతిని ఇసుకకి జానెడు ఎత్తుకి లేపాను. మూతికి ముతక స్పాంజి ముక్క, మధ్యలో రంధ్రం కోసి తొడిగాను. స్పాంజి ఇసుకనే కాదు, మోలీ పిల్లల్నీ లోపలికి పోనివ్వదు. ఇంతకాలం మోలీలు ఈనుతున్నా పిల్లలు మిగలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని ఇప్పుడనిపిస్తోంది. స్పాంజి మూసుకుపోతే మోటారుకి నీరు సరిగా అందక మళ్లీ చప్పుడు మొదలవుతుంది. అందుకని నీటి మట్టం గీత చూసే పనితో పాటు వారానికోసారి స్పాంజి పిండే పనీ మావాడి ఖాతాలో పడింది. ఎయిర్ పంపు ట్యూబు కొసన బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ని గొట్టానికి దూరంగా, తొట్టె రెండో మూలకి మార్చాను. దగ్గరగా ఉంటే బుడగలు గొట్టంలోకి పోయి రోటర్ దగ్గర చిటపటమంటాయి.

మంగళవారం రాత్రి

కాంప్లెక్సు నుంచి పార్సిల్ వచ్చింది, 180 రూపాయలు. పాత రోటర్ పక్కన పెట్టి పోల్చాం. అయస్కాంతం లావు ఒకటే, పొడవు ఒకటే. రెక్కల చక్రం అయస్కాంతం మీద అర చుట్టు వదులుగా తిరుగుతుంది. అది లోపం కాదు, అలాగే ఉండాలి. మొదలయ్యేటప్పుడు అయస్కాంతం కాస్త ఊపు అందుకున్నాకే రెక్కల బరువు మీద పడుతుంది. పాతదానిలో ఆ వదులు అరిగి ఎక్కువైపోయింది, మొదలైన ప్రతిసారీ టక్కుమనడానికి అదో కారణం.

అమర్చి, నీళ్లు పోసి, వేశాం. ప్లగ్గు తీసి పెట్టి రెండు దిక్కుల్లోనూ విన్నాం. తేడా లేదు. యాప్‌లో 100 దగ్గరి గీత ఉంది, మునుపటికన్నా పొట్టిగా. దాని చుట్టూ మొదట్లో కనిపించిన గజిబిజి గీతలు లేవు. గుంత గోడ మీది పాత గీతలు అలాగే ఉన్నాయి, అవి పోవు. స్క్రూడ్రైవరు ఆనిస్తే అతి సన్నటి రాపిడి వినిపిస్తుంది, ఆనించకపోతే వినపడదు.

బుధవారం ఉదయం

అత్తయ్య లేచేసరికి ఆరు దాటింది. రోజూ నాలుగింటికే లేచి కూర్చుంటారు. "ఆపేశారేటి?" అని అడిగారు. మావాడు ఆవిడని తొట్టె దగ్గరికి తీసుకెళ్లి, దూకుతున్న నీటి కింద వేలు పెట్టించి చూపించాడు.

మిగిలిన పనులు: వచ్చే నెల మొదటి ఆదివారం రోటర్ తీసి, అయస్కాంతానికి ఎన్ని నల్ల గింజలు పట్టాయో తెల్ల కాగితం మీద చూడాలి. తక్కువగా ఉంటే ఇసుక రెండో విడత మార్పు నెమ్మదిగా చేసుకోవచ్చు, ఎక్కువగా ఉంటే వెంటనే చెయ్యాలి. వాల్ ట్యూబు ముక్కలు రెండు ఫిల్టర్ మూత కింద అంటించి ఉంచాను. ఎయిర్ పంపు ట్యూబుకి నీటిని వెనక్కి రానివ్వని వాల్వు కొనాలి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు గీర్‌మనడం మాత్రం అలాగే ఉంది, అది ఫిల్టర్ వల్ల తీరేది కాదు. బ్యాటరీ మార్చే నెల వచ్చేలోపు కరెంటు అలని గుండ్రంగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ ధర కనుక్కోవాలి.